బండి తాళాలు మీ దగ్గరే ఉంచండి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ ఉత్తరం మరియమాత పుట్టినరోజు పండుగ కబురుతో మొదలుపెడదామనుకున్నాను. కానీ గురువారం నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో వేరే సంగతి నడుస్తోంది. ముందు అదే రాస్తాను.

ఆ రోజు ఉదయం ఎనిమిదిన్నరకు ఐదు నిమిషాల ముందు మన పదో తరగతి అబ్బాయిలు ముగ్గురు ఒకే స్కూటీ మీద వస్తూ గేటు దగ్గరి మలుపులో జారిపడ్డారు. రాత్రి వానకి రోడ్డు తడిగా ఉంది. ఒక్కరికీ హెల్మెట్ లేదు. ఒకరికి గడ్డం కింద నాలుగు కుట్లు పడ్డాయి, ఒకరికి కుడి మణికట్టు విరిగింది, మూడో అబ్బాయికి మోకాళ్లు గీరుకుపోయాయి. నేను పరుగున వెళ్లేసరికి టిఫిన్ డబ్బా మూత ఊడిపోయి పులిహోర రోడ్డు మీద చెల్లాచెదురుగా పడి ఉంది. ఏ తల్లో తెల్లవారుజామున లేచి చేసిన పులిహోర. దాని పక్కనుంచే సిటీ బస్సు వెళ్లింది. ఇంకా తలుచుకుంటే నాకు చేతులు వణుకుతున్నాయి.

గేటు టైముకి వేసేయడం వల్లే పిల్లలు కంగారు పడుతున్నారని కొందరు అంటున్నారు. అందులో కొంత నిజం ఉంది. సోమవారం నుంచి ఆలస్యమైన వాళ్లను బయట నిలబెట్టం, అసెంబ్లీ అయ్యేదాకా లైబ్రరీలో కూర్చోబెడతాం. అయితే బండి తాళం వాళ్ల చేతికి ఇచ్చింది స్కూలు కాదు.

"మా వాడు బాగా నడుపుతాడు సిస్టర్, సందుల్లోంచే వస్తాడు" అని నాతో ఎంతోమంది అన్నారు. పదహారేళ్లు నిండితే నడపొచ్చని చట్టం చెప్పేది 50 సీసీ లోపు గేర్లు లేని బండికే. మీ ఇళ్లలో ఉన్నవి 110, 125 సీసీ స్కూటర్లు. వాటికి పద్దెనిమిది నిండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ నడుపుతూ దొరికితే తల్లిదండ్రులకో బండి యజమానికో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. దయచేసి ఇంట్లో అందరూ కూర్చుని ఈ పేరా చదవండి.

ఆ రోజు అందరికంటే ముందు అక్కడికి చేరింది ఎనిమిదో తరగతి అమ్మాయి. స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఉంది. మెడలోని స్కార్ఫ్ విప్పి, విరిగిన చేతిని గుండెకు ఆనించి కట్టి, "అన్నా, వేళ్లు కదుపు" అంటూ కూర్చుంది. కట్టు చక్కగా కట్టారని డాక్టరుగారే అన్నారు. మధ్యాహ్నం ఆ పిల్ల నా గదికొచ్చి, "సిస్టర్, స్కార్ఫ్ వాళ్లతో ఆసుపత్రికి వెళ్లిపోయింది, రేపు లేకుండా రావచ్చా?" అని అడిగింది. నాకు మాట రాలేదు. నా చేతులతో కొత్త స్కార్ఫ్ ఇచ్చాను.

ఎన్నేళ్లుగానో చెబుతున్న మాట మళ్లీ చెబుతున్నాను. పిల్లల్ని బస్సులో పంపండి. ఈ ఏడాది ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) వాలీబాల్‌లో జిల్లా జట్టుకు ఎంపికైన మన తొమ్మిదో తరగతి అమ్మాయి రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. ఒక్కరోజూ ఆలస్యం కాలేదు! ముసలమ్మకు సీటివ్వడం, కండక్టర్‌తో మర్యాదగా మాట్లాడటం, దిగాల్సిన స్టాపుకు ముందే లేచి నిలబడటం, ఇవన్నీ బస్సే నేర్పింది ఆ పిల్లకి. ఆడపిల్లలకు 2023 డిసెంబర్ నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టే, అంటే ప్రయాణం ఉచితం. అబ్బాయిలకు స్టూడెంట్ పాస్ ఉంది, దానికి కావలసిన బోనఫైడ్ సర్టిఫికెట్ అడిగిన రోజే ఇస్తాం. రెండు మూడు కిలోమీటర్లలో ఉన్నవాళ్లు నడవచ్చు, పెద్దపిల్లలు సైకిల్ మీద రావచ్చు. సైకిళ్లకు షెడ్డు వేయించాను, సగం ఖాళీగా ఉంది.

గేటు ముందు కార్లు రెండు వరుసల్లో ఆపకండి. మధ్యాహ్నం ఆర్డర్లు పెట్టి బిర్యానీ పంపకండి, వాచ్‌మన్ గారు డెలివరీ సంచులు మోయడానికి లేరు. రాత్రి పన్నెండింటికి మీ పిల్లల స్టేటస్‌లు మా టీచర్లకు కనిపిస్తున్నాయి. మీరు కూడా చూస్తున్నారనే అనుకుంటున్నాను.

ఎస్ఏ-1 (మొదటి సమ్మేటివ్) పరీక్షలు దసరా సెలవులకు ముందే. పదో తరగతి నామినల్ రోల్స్ (పబ్లిక్ పరీక్ష రాసేవాళ్ల జాబితా) కోసం ఆధార్‌లో పేరు సరిచూడండి. సెప్టెంబర్ 8న కథోలిక పిల్లలకు ఉదయం ఏడింటికి దివ్యబలి పూజ.

మణికట్టు విరిగిన అబ్బాయి బుధవారం తిరిగి వస్తున్నాడు. నోట్సు రాసిపెట్టే పని వాళ్ల బెంచీ పిల్లలు వంతులేసుకున్నారు. మీ పిల్లలు స్కూలుకి ఎలా వస్తారో రాసి సంతకం చేయాల్సిన చీటీ ఈ ఉత్తరం వెనక ఉంది. సోమవారంలోగా పంపండి.

ప్రార్థనలతో,
సిస్టర్, ప్రధానోపాధ్యాయురాలు
సికింద్రాబాద్