నీడకి ముక్కేది?

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి నవ్వాగలేదు. నీడకి కళ్లూ ముక్కూ ఎందుకుండవని మీ బుజ్జిది నిలదీస్తే టెన్షన్ పడిపోయావా? ఓ టార్చి, ఓ గోడ ఉంటే చాలురా.

నీడ అనేది వస్తువు కాదని ముందు చెప్పు. వెలుతురు అందని చోటు, అంతే. వెలుతురు తిన్నగా వెళ్తుంది. అడ్డొచ్చినదాన్ని చుట్టి అవతలికి పోవడం దానికి చేతకాదు. సూర్యుడి దగ్గర బయల్దేరి, దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు 8 నిమిషాల చిల్లరలో దాటొచ్చిన వెలుగు, ఇంకో మీటరులో నేల అందుతుందనగా మీ బుజ్జిదాని జడ తగిలి ఆగిపోతుంది. పాపం! నేలమీద ఆ జడ మేరకి వెలుతురు కరువు. ఆ ఖాళీకి అంచు తప్ప లోపల ఏమీ ఉండదు, మరి కళ్లెక్కణ్ణుంచి వస్తాయి? వెలుగుకి పక్కగా తిరిగి నిలబడమను, ముక్కు ఠక్కున బయటపడుతుంది.

టార్చి ముందు చెయ్యి పెట్టించి, మెల్లగా టార్చి వైపు జరపమను. గోడమీద చెయ్యి రాక్షసుడిదంత అవుతుంది. టార్చి వెలుగు విచ్చుకుంటూ పోతుంది కదా, దగ్గర్లో అడ్డం పెడితే ఎక్కువ వెలుగు ఆగుతుంది. ఇది నువ్వు చెప్పెయ్యకు, దాన్నే కనిపెట్టనీ.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఎండలో నీడ అంచు. పాదాల దగ్గర గీత గీసినట్టు ఉంటుంది, తల దగ్గరికొచ్చేసరికి మసకేస్తుంది. సూర్యుడు చుక్కలా కాక పళ్లెంలా కనిపిస్తాడు కదా, అందుకే. ఆ మసకలో ఓ చీమ ఉందనుకో. అక్కణ్ణుంచి సూర్యుడు కొంచెమే కనిపిస్తాడు, మిగతాది మీ అమ్మాయి తల చాటున. తల నేలకి దూరంగా ఉంటుంది కాబట్టి ఈ సగం సగం చోటు అక్కడ వెడల్పవుతుంది. పాదం నేలకి ఆనుకుని ఉంటుంది, అక్కడ ఆ చోటే మిగలదు.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది చూడు: నీడలో చీకటిగా ఉండాలి కదా, అందులో పెట్టిన బొమ్మ ఎలా కనిపిస్తోంది అని. ఆకాశం నుంచీ గోడల నుంచీ చెదిరిన వెలుగు నీడలోకీ వస్తుందని చెప్పు.

రాత్రి అంటే మనం భూమి నీడలోకి వెళ్లడమేనన్న సంగతి మాత్రం పగలే చెప్పు. పడుకునే ముందు చెప్పావో, ప్రశ్నలతో నీకు నిద్ర ఉండదు.

అన్నట్టు, ఎండలో ఆడేటప్పుడు సూర్యుడి వైపు నేరుగా చూడనివ్వకు. టార్చి కూడా కళ్లలోకి కొట్టుకోకుండా చూసుకో. రాక్షసుడి చెయ్యి చూసి ఏమందో రాయి.

ఇట్లు,
నీ వాడు