భవనం కన్నా ముందు పద్దు పుస్తకం తెరవండి

రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నమస్కారాలు.

ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఒక స్థానిక చరిత్ర మ్యూజియం కావాలని చాలా ఏళ్లుగా కోరుకుంటున్నవారిలో నేనూ ఒకరిని. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఆ మ్యూజియం తిరుపతిలో ఏర్పాటు చేయమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. దీనితోపాటు ఇంకొక మాట కూడా విన్నవిస్తున్నాను. దయచేసి భవనంతో మొదలుపెట్టకండి. స్థలం వెతకడం, నమూనా గీయించడం, శంకుస్థాపన, టెండర్లు అన్నీ పూర్తయ్యేసరికి నాలుగైదేళ్లు సులువుగా గడుస్తాయి. ఆ భవనంలో పెట్టవలసిన వస్తువులు ఈలోపు పాత ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లిపోతాయి. వాటి కథలు తెలిసిన పెద్దవాళ్లు కూడా మనల్ని విడిచి వెళ్లిపోతారు.

ఇంత గట్టిగా చెప్పడానికి మా ఇంట్లో జరిగిన ఒక సంగతి కారణం. చంద్రగిరికి దగ్గరలోని మా ఊళ్లో మా తాత కపిల తోలేవాడు. కపిల అంటే ఈ తరం పిల్లలకు తెలియదు. బావి గట్టు మీద గిలక, దాని మీదుగా మోకు, మోకు చివర తోలుతో కుట్టిన పెద్ద బాన. జత ఎద్దులు ఏటవాలు దారిలో కిందికి దిగుతుంటే బాన పైకి వచ్చి కాలువలోకి నీళ్లు కుమ్మరించేది. ఎద్దులు వెనక్కి నడిస్తే బాన మళ్లీ బావిలోకి దిగేది. ఆ తోలు బాన నీరు కారకుండా కుట్టడం మా ఊరి మాదిగ కుటుంబాల పనితనం. ఎద్దుల అడుగుకు తగినట్టు పాడే కపిల పాటలు మా తాతకు ఎన్ని వచ్చో ఎవరూ లెక్కపెట్టలేదు. కరెంటు మోటార్లు వచ్చాక కపిల అటకెక్కింది. తర్వాత కొన్నాళ్లకు, పాత వస్తువులు సేకరిస్తున్నామని ఒక సంస్థ నుంచి మనుషులు వస్తే, మా నాన్న సంతోషంగా ఆ బానను, దాని ఇనుప కట్టును ఇచ్చేశాడు. వాళ్లు రసీదు ఇవ్వలేదు, ఆయన అడగలేదు. పదేళ్ల తర్వాత నేను వెళ్లి వాకబు చేస్తే, అలాంటి వస్తువు తమకు వచ్చినట్టే ఎక్కడా రాసిలేదని చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పారని నేను అనుకోవడం లేదు. నిజంగానే ఎక్కడా రాసుకోలేదు, అంతే. మా తాత పేరు, బాన కుట్టిన మనిషి పేరు, ఆ బావి పేరు అన్నీ ఆ రాసుకోకపోవడంలోనే పోయాయి.

అందుకే నేను మొదట అడుగుతున్నది ఒక పద్దు పుస్తకం. తేమ, చెద చేరని రెండు గదులు, ఇద్దరు ముగ్గురు చదువుకున్న ఉద్యోగులు, ఊళ్లు తిరగడానికి ఒక వాహనం ఉంటే చాలు. వచ్చిన ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య వేయాలి. ఎవరు ఇచ్చారు, ఎవరు చేశారు, దేనికి వాడారు, ఏ ఊరిది అన్నది తెలుగులో రాయాలి. ఇచ్చినవారి చేతిలో ముద్రవేసిన రసీదు పెట్టాలి. మ్యూజియం ప్రాణం అద్దాల పెట్టెల్లో కన్నా ఆ పుస్తకంలోనే ఎక్కువగా ఉంటుంది.

ఉన్న మ్యూజియాలు చాలవా అని మీ అధికారులు అడగవచ్చు. చంద్రగిరి కోటలోని రాజమహల్‌లో భారత పురావస్తు శాఖవారి మ్యూజియం ఉంది. నా విద్యార్థులను ఎన్నిసార్లు అక్కడికి తీసుకెళ్లానో లెక్కలేదు. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన ఆ మూడంతస్తుల కట్టడమే ఒక పాఠం. గండికోట, యాగంటి వంటి చోట్ల నుంచి తెచ్చిన శిల్పాలు అందులో ఉన్నాయి. తిరుమలలో దేవస్థానం మ్యూజియం ఉంది. తాళపత్రాలు, శాసనాల విషయంలో శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థ 1939 నుంచి చేసిన సేవ చిన్నది కాదు. ఇవన్నీ రాజులకు, దేవుళ్లకు, పండితులకు సంబంధించినవి, వాటికి అవి న్యాయం చేస్తున్నాయి. మామూలు మనిషి పనిముట్టుకు, పండుగకు, వలసకు, వంటింటికి మాత్రం ఈ ప్రాంతంలో చోటు లేదు.

చట్టం కూడా వీటిని కాపాడదు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం ఒక వస్తువు పురావస్తువు కావాలంటే కనీసం వందేళ్లు నిండాలి. విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్లు. మా తాత బానకు వందేళ్లు లేవు. తోలు వస్తువు మన వానలకు, ఎలుకలకు తట్టుకుని వందేళ్లు ఎలా నిలుస్తుంది? చట్టం గుర్తించే వయసు వచ్చేదాకా ఆగితే, గుర్తించడానికి ఏమీ మిగలదు.

పాపానాయుడుపేట సంగతి చూడండి. రేణిగుంట, శ్రీకాళహస్తుల మధ్య ఉన్న ఈ ఊరు గాజుపూసలకు ప్రసిద్ధి. తూర్పు ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా తవ్వకాల్లో చిన్నచిన్న గాజుపూసలు దొరుకుతాయి. పురావస్తు పరిశోధకులు వాటిని ఇండో పసిఫిక్ పూసలంటారు. పుదుచ్చేరి పక్కనున్న అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందటే వాటిని తయారుచేశారు. కరిగిన గాజు ముద్దను బోలు ఇనుప గొట్టానికి పట్టించి, కొలిమి ఇవతల నుంచి ఆగకుండా సన్నటి గాజు గొట్టాన్ని లాగుతారు. దాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోస్తారు. రంధ్రాలు మూసుకుపోకుండా బూడిద నింపి, మళ్లీ వేడిచేసి అంచులు గుండ్రంగా వచ్చేలా చేస్తారు. అరికమేడులో ఎప్పుడో ఆగిపోయిన ఆ పద్ధతిని పరిశోధకులు తెలుసుకున్నది పాపానాయుడుపేట పనివాళ్లను చూసే. ప్రపంచ వాణిజ్య చరిత్రకు ఆధారమైన విద్య మనకు బస్సు దూరంలో ఉంది. తిరుపతి పిల్లల్లో పదిమందిని అడిగితే ఒకరికైనా ఈ సంగతి తెలుసునని నాకు నమ్మకం లేదు. ఒక లడా గొట్టం (ఆ బోలు ఇనుప గొట్టాన్ని అక్కడి పనివాళ్లు లడా అనే పిలుస్తారు), ఒక పూసల దండ, కొలిమి దగ్గర తీసిన ఒక గంట వీడియో, పక్కనే అరికమేడు పటం ఉంటే నా ముప్పై ఏళ్ల పాఠాల కన్నా ఆ ఒక్క గది ఎక్కువ చెబుతుంది.

శ్రీకాళహస్తి కలంకారీకి పేరు వచ్చింది, మంచిదే. కానీ చాలామంది చూసేది దుకాణంలో వేలాడే చీరనే. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టడం, ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో ఊరబెట్టి నల్లరంగు తీయడం, పటిక అద్దడం, స్వర్ణముఖిలో పారే నీటిలో ఉతకడం అన్నీ కలిస్తేనే కలంకారీ. ఆ నది ఎండితే పనివాళ్ల బతుకు ఏమవుతుందో చెప్పకుండా కలంకారీ చరిత్ర పూర్తి కాదు. మాధవమాల కొయ్య బొమ్మల గురించి కూడా ఇదే మాట. బొమ్మతోపాటు ఉలిని, ఆ ఉలి పట్టిన చేతిని చూపించే మ్యూజియం మాకు కావాలి.

ఇక తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఇది రాయకుండా ఈ లేఖ ముగించలేను. చాటింపుతో మొదలై బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండల వేషాల మీదుగా పేరంటాల దాకా సాగి, విశ్వరూప దర్శనంతో, అమ్మవారి మట్టి రూపానికి చెంప నరకడంతో ముగిసే ఈ జాతర తిరుపతి మట్టి మనుషులది. గంగమ్మను వేంకటేశ్వరుడి చెల్లెలిగా కొలుస్తారు కాబట్టి తిరుమల నుంచి అన్నగారి సారె చెల్లెలికి వస్తుంది. కైకాల వంశస్థులు తరతరాలుగా ఆ వేషాలు కడుతున్నారు. వారి దగ్గర ఉన్న వస్తువులను తెచ్చి గాజు పెట్టెలో పెట్టమని నేను అడగడం లేదు, అలా చేయకూడదు కూడా. అవి పూజలో ఉన్నవి, ఆ కుటుంబాలవి. మ్యూజియం వాళ్ల ఇంటికి వెళ్లాలి, అనుమతి అడగాలి, వాళ్లు ఒప్పుకున్నంత మేరకే ఫొటో తీయాలి, వాళ్ల మాట రికార్డు చేయాలి, ఆ రికార్డు ప్రతిని వాళ్లకే ముందు ఇవ్వాలి. జాతర సాధారణంగా మే నెలలో వస్తుంది. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం. బడులకు సెలవులు కూడా అప్పుడే. ఊరంతా వేషాలు కట్టే ఆ రోజుల్లో, ఆ వేషాల అర్థం చెప్పే ప్రదర్శన ఒకటి తిరుపతి వీధుల్లోనే పెడితే పిల్లలను రమ్మని ఎవరూ బతిమాలవలసిన పని లేదు.

భారత మిట్టల మీద జరిగే మహాభారత ఉత్సవాలూ అంతే. చిత్తూరు జిల్లా పల్లెల్లో 18 రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. సంతానం కోరుకునే ఆడవాళ్లు అర్జునుడు తపస్సు మాను ఎక్కి విసిరే పళ్ల కోసం కింద కొంగు పట్టుకుని ఎదురుచూస్తారు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ నేలమీద పడుకుని ఉంటుంది. మా ఊరి దుర్యోధన వేషధారి తన కిరీటాన్ని, భుజకీర్తులను గోనెసంచిలో చుట్టి అటక మీద దాచుకునేవాడు. ఆయన పోయాక ఆ గోనెసంచి ఎక్కడుందో అడిగాను. ఇల్లు సున్నం వేయించేటప్పుడు తీసి పారేశామని ఆయన కోడలు చాలా బాధపడుతూ చెప్పింది. ఇలాంటివి తీసుకునే చోటు ఒకటి ఉందని తెలిస్తే ఇచ్చేవాళ్లమని కూడా అంది. మంత్రి గారూ, ఆ అమ్మాయి అన్న మాటే ఈ లేఖకు మూలం.

కాబట్టి ఆ చోటు ఉందని జనానికి తెలియాలి. నెలకొక మండలంలో, సంత జరిగే రోజున, ఏదైనా పాఠశాలలో ఒక బల్ల వేసి కూర్చోండి. ఇంట్లోని పాత వస్తువు, పాత కాగితం, పాత ఫొటో తెచ్చి చూపమని ముందుగా చాటింపు వేయించండి. ఇవ్వాలనే నిబంధన పెట్టవద్దు. ఫొటో తీసి, కథ రాసుకుని, వస్తువు తిరిగి ఇచ్చేయండి. తాళపత్రాలు తెచ్చినవారికి నిమ్మగడ్డి నూనెతో వాటిని ఎలా కాపాడుకోవాలో చేసి చూపించండి. మా ప్రాంతంలో కరణాల ఇళ్లలో తమిళ కాగితాలు కూడా చాలా ఉంటాయి. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి, కడప నుంచి తాలూకాలు కలిపి చిత్తూరు జిల్లా చేశారు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, సత్యవేడు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. రెండు భాషలూ ఇంటి భాషలే అయిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. అందుకే తమిళం చదవగలిగినవారు ఒకరైనా ఆ బల్ల దగ్గర ఉండాలి. మ్యూజియంలో వివరణ పలకలు తెలుగులో మొదటి వరుసలో, తమిళంలో రెండో వరుసలో ఉండాలి. ఇంగ్లిషు తర్వాత ఎలాగూ ఉంటుంది.

పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయడం అన్నిటికన్నా తొందరగా మొదలుపెట్టవలసిన పని. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో పడింది. అంతకుముందు నడవలేని యాత్రికులను డోలీల్లో మోసుకుపోయేవారు. ఆ డోలీలు మోసినవాళ్లు ఇప్పుడు లేరు. వాళ్ల మాటలు విన్న పిల్లలు మాత్రం ఎనభై దాటి ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ల దగ్గరకు వెళ్లడానికి పదో తరగతి పిల్లలు, ఒక ఫోను, ముందే రాసుకున్న పది ప్రశ్నలు చాలు. నేను నా విద్యార్థులతో ఈ పని చిన్న స్థాయిలో చేయించాను. సొంత నాయనమ్మను ప్రశ్నలు అడిగి వచ్చిన పిల్ల, మరునాడు క్లాసులో కూర్చున్న తీరే వేరుగా ఉండేది.

రోజుకు అర లక్షకు పైగా యాత్రికులు వచ్చే ఊరు కాబట్టి, మ్యూజియం అనగానే టికెట్టు ఆదాయం లెక్క ముందుకు వస్తుంది. వాళ్లూ రావాలి, చూడాలి. కాని చుట్టపు చూపుగా వచ్చేవారి కోసం ఇల్లు సర్దితే ఇంటివాళ్లకు కూర్చోవడానికి చోటు ఉండదు. స్థానిక పాఠశాలలకు ప్రవేశం ఉచితం చేయండి. వస్తువు ఇచ్చిన కుటుంబానికి జీవితాంతం ఉచితం చేయండి. సలహా సంఘంలో ప్రొఫెసర్లతోపాటు ఒక కలంకారీ కళాకారిణిని, ఒక పూసల పనివాణ్ని, ఒక వీధినాటక గురువును, తోలు పని తెలిసిన ఒక పెద్దను కూర్చోబెట్టండి. ఏ వస్తువును ఎలా పట్టుకోవాలో, ఏ పేరుతో పిలవాలో వాళ్లకు తెలుసు.

మా ఇంట్లో కపిల గిలక ఒకటి ఇంకా మిగిలి ఉంది. నాన్న బాన ఇచ్చిన రోజున అది కొట్టంలో ఏ మూలో పడి ఉండడంవల్ల వాళ్లకు దొరకలేదు. చెక్క కాస్త చీలింది, మోకు ఒరుసుకున్న గాడి మాత్రం వేలు పెడితే తెలిసేంత లోతుగా ఉంది. దానితోపాటు మా అమ్మ గుర్తుపెట్టుకుని పాడిన మూడు కపిల పాటలు నా ఫోనులో ఉన్నాయి. మీరు పద్దు పుస్తకం తెరిచిన రోజున ఆ గిలకను నేనే మోసుకొచ్చి బల్ల మీద పెడతాను. నాకు రసీదు కావాలి. దాని మీద మా తాత పేరు ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు,
తిరుపతి