పిచర్ల కాంట్రాక్టులతో పాటు మోచేతి సంగతీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా బేస్‌బాల్‌లో బంతి విసిరే ఆటగాళ్లకు, అంటే పిచర్లకు వచ్చే కోట్ల డాలర్ల కాంట్రాక్టుల గురించి మీ క్రీడా పేజీలో అప్పుడప్పుడు వేస్తుంటారు. నేను టెక్సస్‌లో ఉంటాను. మా అబ్బాయికి పదకొండేళ్లు, వాడూ పిచరే. ఆ వార్తలు మా బంధువులు నాకు వాట్సాప్‌లో పంపి "రేపు మనవాడు కూడా" అంటారు. నిరుటి దాకా నేనూ మురిసిపోయేదాన్ని.

కిందటి ఏప్రిల్‌లో ఓ ఆదివారం ఆట అయ్యాక వాడు కారెక్కి సీటు బెల్టు ఎడమచేత్తో లాక్కున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏంట్రా అంటే "ఏం లేదమ్మా, కొంచెం లాగుతోంది" అన్నాడు. ఇంటికొచ్చాక జెర్సీ విప్పుకోలేకపోయాడు. మోచేతి లోపలి వైపు నేను వేలు ఆనిస్తేనే కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టర్ ఎక్స్‌రే చూసి, ఎముక ఇంకా పెరుగుతున్న చోట దెబ్బతిందని, కొన్ని వారాలు బంతి విసరకూడదని చెప్పారు. ఈ నొప్పికి ఇక్కడ "లిటిల్ లీగ్ ఎల్బో" అని పేరే ఉంది. పేరు పడిందంటే ఎంతమంది పిల్లలకు వచ్చి ఉంటుందో చూడండి.

వాడు శనివారం లీగ్ టీమ్‌కు 70 బంతులు వేశాడు, ఆదివారం టోర్నమెంట్ టీమ్‌కు 60. పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ సంస్థ రూల్ ప్రకారం ఆ వయసు పిల్లాడు రోజుకు 85కు మించి వేయకూడదు, 66 వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ఈ బంతుల లెక్క 2007 నుంచీ ఉంది. కానీ రెండో టీమ్ కోచ్ ముందురోజు సంగతి అడగలేదు. రెండు చోట్లా గ్యాలరీలో కూర్చున్నది నేనే. నేనూ చెప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పెద్దవాళ్ల సంగతే చూడండి. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ అనే పిచర్‌ను 2009 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట) వాషింగ్టన్ నేషనల్స్ టీమ్ అందరికన్నా ముందు ఎంచుకుంది. 2010 జూన్‌లో తొలి మ్యాచ్‌లోనే 14 స్ట్రైకౌట్లు, అంటే 14 సార్లు బ్యాటర్‌ను మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేశాడు. అదే ఏడాది మోచేతి లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగి ఆపరేషన్ అయింది. 2012లో టీమ్ ప్లేఆఫ్స్‌కు వెళ్తుంటే, చెయ్యి కాపాడాలని అతన్ని ఆ సీజన్‌లో 159 ఇన్నింగ్స్ (బేస్‌బాల్‌లో మ్యాచ్‌కు మామూలుగా తొమ్మిది ఉంటాయి) దాటగానే ఆపేశారు. చాలామంది తిట్టారు. నేనైతే ఆ నిర్ణయం సరైనదే అంటాను. 2019లో ఛాంపియన్‌షిప్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో అతనే ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు. ఆ వెంటనే ఏడేళ్లకు 24.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. ఆ తర్వాత ఆడినవి ఎనిమిదంటే ఎనిమిదే మ్యాచ్‌లు. 2024లో రిటైరయ్యాడు. కాంట్రాక్టు వార్త మా వాట్సాప్ గ్రూపులన్నిటికీ వచ్చింది. ఎనిమిది మ్యాచ్‌ల సంగతి ఒక్కరూ పంపలేదు.

ఇక్కడ మరో అపోహ ఉంది. ఆపరేషన్ చేయిస్తే చెయ్యి ఇంకా గట్టిపడుతుందని ఓ పేరెంట్ నాతోనే అన్నారు. దీనికి మూలం టామీ జాన్ అనే ఎడమచేతి పిచర్ కథ. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతి నుంచి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) తీసి ఎడమ మోచేతిలో అమర్చారు. అతను 1976లో తిరిగొచ్చి ఇంకో 164 మ్యాచ్‌లు గెలిచాడు, నిజమే. కానీ 1975 మొత్తం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. పైగా అప్పటికి అతనికి 31 ఏళ్లు. పదకొండేళ్ల పిల్లాడి ఎముకతో దానికి పోలికేంటి?

అందుకే సంపాదకులకు నా మనవి. పిచర్ల డబ్బు గురించి రాసినప్పుడు పక్కనే ఈ సంగతులూ నాలుగు వాక్యాలు వేయండి. ఇక్కడి అగ్రశ్రేణి బేస్‌బాల్ లీగ్ అయిన మేజర్ లీగ్ వాళ్లే ఇచ్చిన పిచ్ స్మార్ట్ అనే సూచనల్లో ఈ వయసు పిల్లలు ఏడాదికి నాలుగు నెలలు బంతి విసరడం మానేయాలని, ఒకేసారి రెండు టీమ్‌లకు ఆడొద్దని స్పష్టంగా ఉంది. ఇక్కడున్న మన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది ఉదయం లేవగానే మీ పేపరే చూస్తారు. ఇంగ్లిష్‌లో వచ్చిన రూల్ పుస్తకం ఎవరూ తెరవరు.

మావాడు ఇప్పుడు ఒక్క టీమ్‌కే ఆడుతున్నాడు. నా చేతిలో బంతులు లెక్కపెట్టే చిన్న క్లిక్కర్ ఉంటుంది. వార్మప్‌లో వేసేవి రూల్ లెక్కలోకి రావు కానీ నేను అవీ నొక్కుతాను. ఇన్నింగ్స్ అయి బెంచీకి వచ్చేటప్పుడు వాడు నా వైపు చూస్తాడు. ఎన్నయ్యాయో వేళ్లతో చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
టెక్సస్, అమెరికా