సమాధానం అంటే జవాబు కాదు

సంపాదక మహాశయులకు నమస్కారం.

లోకం అల్లకల్లోలమైనప్పుడల్లా ‘ప్రార్థన చేసుకోండి, మనశ్శాంతి దొరుకుతుంది’ అనే మాట వినబడుతుంది. ఎలా చేసుకోవాలో చెప్పేవారు తక్కువ. నాలుగు రోజులు చేసి, బెంగ తగ్గకపోగా పెరిగిందని మానేసినవారికి విశ్వాసం చాలలేదనడం అన్యాయం. చాలాసార్లు తేడా వచ్చేది పద్ధతిలోనే.

తెలుగు బైబిలు చదివేవారికి ఒక మాట దగ్గరే చిక్కు పడుతుంది. తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు ఫిలిప్పీ పట్టణపు విశ్వాసులకు రాసిన ఉత్తరంలో (ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4:7) ‘దేవుని సమాధానము’ మీ హృదయాలకూ తలంపులకూ కావలి ఉంటుందని ఉంది. ఇవాళ్టి వాడుకలో సమాధానమంటే జవాబు. పౌలు రాసిన గ్రీకు మాటకు అర్థం శాంతి. జవాబు వస్తేనే శాంతి అనుకున్నవాడు ప్రార్థన ముగిసిన క్షణం నుంచీ గుమ్మం వైపు చూస్తుంటాడు. పౌలు మాత్రం చింతపడకుండా, కృతజ్ఞతతో మీ విన్నపాలు దేవునికి తెలియజేయండి, అప్పుడు ఆ శాంతి కావలి కాస్తుందన్నాడు. అడిగిందల్లా దొరుకుతుందని ఆ వచనంలో లేదు. ‘కావలి’ కూడా ఊరికే పడిన మాట కాదు, గ్రీకులో పట్టణానికి సైనికులు కాపలా కాయడానికి వాడే క్రియ అది. రాసినవాడు అప్పటికి ఖైదులో ఉన్నాడు. కాపలా అంటే ఏమిటో అతనికి వేరే చెప్పాలా?

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ: ప్రార్థన అనుకుంటూ బెంగనే వల్లిస్తారు. ‘ప్రభువా, రేపు రిపోర్టు ఎలా వస్తుందో, ఒకవేళ ఆపరేషనంటే, డబ్బు సర్దుబాటు కాకపోతే, పిల్లలు...’ ఇందులో ‘ప్రభువా’ తీసేస్తే మిగిలేది అర్ధరాత్రి మంచం మీద అనుకునే మాటలే. జాగ్రత్తగా చూడండి, ఈ వాక్యాన్ని ముగించే క్రియ లేదు. బెంగ ఎప్పుడూ ‘అయితే’, ‘కాకపోతే’ దగ్గరే ఆగి మళ్లీ మొదటికొస్తుంది. విన్నపానికి ముగింపు క్రియ ఉంటుంది: ‘రేపు డాక్టరు చెప్పేది వినే ధైర్యం ఇవ్వు.’ ఒక భయానికి ఒక వాక్యం, చివర ఇవ్వు, చూపించు, ఆపు అనే ఒక క్రియ. మనసులో కుదరకపోతే కాగితం మీద రాయండి. మూడు వాక్యాలు దాటితే మళ్లీ వల్లింపులో పడ్డట్టే.

రోజుకు పదిహేను నిమిషాలు చాలు, అయితే అవి ఒకే వేళకు ఉండాలి. ఫోను వేరే గదిలో పెట్టండి. వార్తలు చూసిన వెంటనే కూర్చుంటే మొదటి పది నిమిషాలూ ఆ వార్తలే నడుస్తాయి. పడుకుని చేస్తే నిద్ర పడుతుంది. కూర్చుని, రెండు నిమిషాలు ఊపిరి నెమ్మదించే దాకా ఊరుకోండి. తర్వాత బైబిలులోని కీర్తనల గ్రంథం నుంచి ఒక కీర్తన పైకి రెండుసార్లు చదవండి. 13వ కీర్తనతో మొదలుపెట్టడం మంచిది: ఆరే వచనాలు, మొదటి రెండింటిలోనే ‘ఎన్నాళ్లు’ అన్న మొర నాలుగుసార్లు. కోపమూ నిష్ఠూరమూ దాచుకుని తీయని మాటలు చెప్పడమే ప్రార్థన అనుకునేవారికి ఇది కళ్లు తెరిపిస్తుంది. 88వ కీర్తనైతే చీకటిలోనే ముగుస్తుంది, ఓదార్పు వాక్యం ఒక్కటీ లేకుండా. అదీ ప్రార్థనే.

ఆ తర్వాత రాసుకున్న విన్నపాలు, ఆపై ఒక కృతజ్ఞత. వచ్చిన ఆపదకు కాదు, ఆపదలోనూ మిగిలి ఉన్నదానికి, పేరు పెట్టి. ‘అన్నిటికీ వందనాలు’ అంటే మనసు దేన్నీ చూడలేదన్నమాట. చివరి ఐదు నిమిషాలు మౌనం. ఆలోచనలు వస్తాయి, వాటితో కుస్తీ పట్టక్కర్లేదు; వచ్చిన ప్రతిసారీ ‘ప్రభువా, కరుణించు’ అనుకుని వెనక్కి రండి. ఇరవైసార్లు వెనక్కి రావలసి వచ్చినా అది ఓటమి కాదు, అభ్యాసమే అది. శాంతి వచ్చిందా లేదా అని మధ్యలో తడిమి చూసుకోవడం మాత్రం వద్దు. నాటిన గింజను రోజూ తవ్వి చూసినట్టవుతుంది.

యుద్ధాలూ కరువులూ మనసును తినేస్తుంటే లోకమంతటి కోసమూ ఒకేసారి ప్రార్థించబోకండి, అది ఎవరి వల్లా కాదు. రోజుకు ఒక వార్త, ఒక చోటు, ఒక వాక్యం. రెండు వారాలు గడిచినా నిద్రా ఆకలీ లేకపోతే డాక్టరును కలవండి. అది అవిశ్వాసం కాదు. చావాలనే ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే పక్కనున్నవారికి చెప్పి వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

ఇన్నీ చేసినా మౌనంలో పదే పదే ఒకే మనిషి ముఖం అడ్డొస్తుంటే, అది పద్ధతి తప్పు కాదు. మత్తయి సువార్త 5:24లో అర్పణను బలిపీఠం ముందే విడిచిపెట్టి, ముందు వెళ్లి సహోదరునితో ‘సమాధానపడుము’ అని ఉంది. అదే మాట, ఈసారి రాజీ అనే అర్థంలో. ఆ రోజుకు ప్రార్థన అక్కడితో ఆపి, పక్క గదిలో పెట్టిన ఫోను తెచ్చుకుని ఆ మనిషికి చేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు