నామ్చేలో రెండు రాత్రులు: ఎవరెస్ట్ బేస్ క్యాంప్ గ్రూప్‌కి

అందరికీ నమస్కారం. మన నడక మొదలయ్యే లుక్లా 2,860 మీటర్ల ఎత్తులో ఉంది, దారిలో వచ్చే నామ్చే బజార్ 3,440. ఆ ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలి కాబట్టి, ఒంట్లో ఎంత హుషారుగా ఉన్నా నామ్చేలో రెండు రాత్రులు ఆగాల్సిందే. మధ్యరోజు గదిలో పడుకోకండి. గైడ్‌తో నామ్చే పైనున్న సియాంగ్‌బోచే వైపు ఎక్కి, మళ్లీ కిందికొచ్చి నిద్రపోవాలి. అక్కణ్నుంచి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదు. అందుకే 4,410 మీటర్ల డింగ్‌బోచేలో ఇంకో రోజు ఆగుతాం.

తలనొప్పితో పాటు వాంతులు, అన్నం సయించకపోవడం మొదలైతే వెంటనే గైడ్‌కి చెప్పండి. మన వల్ల గ్రూప్ ఆగిపోతుందని చాలామంది మొహమాటపడతారు, అదే ప్రాణం మీదికి తెస్తుంది. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అర్ధరాత్రయినా సరే కిందికి దిగాల్సిందే. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర డాక్టర్‌ని అడిగాకే వేసుకోండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

యాక్‌లు ఎదురొస్తే కొండవైపు నిలబడండి. లోయవైపు ఉంటే వాటి మూట తగిలినా జారిపోతారు.