మా రాజమండ్రి ఇంటి వైరింగ్ కథ

ప్రియమిత్రమా,

మీ నాన్నగారి వంటింట్లో స్విచ్‌బోర్డు కమిలి నల్లబడిందనీ, ఆ ఒక్క బోర్డు మారిస్తే సరిపోతుందా లేక ఇల్లంతా వైరింగ్ మార్చాలా అనీ అడిగావు. రెండు నెలలుగా ఇదే పని మీద ఇంట్లో సున్నం దుమ్ము మింగినవాణ్ణి కనుక కాస్త వివరంగానే రాస్తాను, ఓపిక చేసుకుని చదువు.

మా ఇల్లు నీకు తెలిసిందే. కింది భాగం తాతగారు 1961లో కట్టించినది, మేడ గదులు నాన్నగారు 1978లో వేయించినవి. కింద గోడల పొడవునా టేకు పట్టీలు, వాటి మీద రేకు క్లిప్పులతో బిగించిన నల్ల రబ్బరు వైర్లు, గుండ్రటి చెక్క దిమ్మల మీద టక్కుమని పడే నల్ల స్విచ్చులు ఉండేవి. మేడ మీద మాత్రం, రాగి ప్రియంగా ఉన్న ఆ రోజుల్లో చాలామంది వేయించుకున్నట్లే, అల్యూమినియం తీగ లాగించారు. పైకి రెండూ నిక్షేపంగానే కనిపించేవి. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, హాల్లో ఒక వైరును రెండు వేళ్లతో కొంచెం వంచగానే, దాని మీది రబ్బరు వేయించిన అప్పడంలా పెళపెళ విరిగి నేల మీద రాలిపోయింది. లోపలి రాగి మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. చెడిపోయింది తీగ కాదు, తీగకు వేసిన తొడుగన్నమాట. మేడ మీద కథ వేరు. అల్యూమినియం వేడికి సాగుతూ చల్లారితే ముడుచుకుంటూ స్క్రూల దగ్గర వదులైపోతుంది, పైగా దాని ఉపరితలం మీద కరెంటును సరిగా పోనివ్వని పొర కడుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి మరింత వదులవుతుంది. మీ బోర్డు నల్లబడటానికి కారణం ఇదే కావచ్చునని నా అనుమానం. అదే అయితే బోర్డు మార్చినా కొత్త బోర్డు కూడా కమలక తప్పదు.

ఇంతకీ మమ్మల్ని ఈ పనికి కదిలించినది ఫ్రిజ్. అమ్మ దాని తలుపు తీయాలంటే చెప్పులు తొడుక్కునేది. అడిగితే "ఏమీ లేదు, కాస్త జివ్వుమంటుంది" అనేది. పదేళ్లపాటు ఇంటిల్లిపాదీ దాన్ని ఒక ఆచారంలా పాటించాం. విప్పి చూస్తే, సాకెట్టుకు మూడు రంధ్రాలున్నాయి గానీ పై రంధ్రం వెనుక తీగే లేదు. వస్తువు ఒంటి మీదికి కారిన కరెంటును భూమిలోకి పంపే ఎర్తింగే అసలు మా ఇంటికి లేదు!

ఫ్యూజుల సంగతి చెబితే నవ్వుతావు. పింగాణీ కటౌట్లలో సన్నటి ఫ్యూజు వైరు ఉండవలసిన చోట, మాటిమాటికీ ఎగిరిపోతోందని నాన్నగారు రెండు మూడు రాగి పోగులు మెలిపెట్టి బిగించారు. ఎగిరిపోవడమే దాని ఉద్యోగమని ఆయనకు తెలియక కాదు, వేసవి రాత్రి ఫ్యాన్ ఆగిపోతే ఎవరైనా చేసే పనే అది. నాలుగు ఫ్యాన్లకూ పది బల్బులకూ ఒక రేడియోకూ వేసిన తీగల మీద మేము ఒకటిన్నర టన్నుల ఏసీనీ, 2000 వాట్ల గీజరునూ ఎక్కించాం. ఆ గీజరు ఒక్కటే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది.

కొత్తగా లైట్లకూ ఫ్యాన్లకూ 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజరుకూ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు వేయించాము. ఎర్తింగు కోసం పెరట్లో గొయ్యి తవ్వించి, 2.5 మీటర్ల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపించాము. గోడలకు గాడులు నిలువుగానే కొట్టించాను, ఎందుకంటే సున్నంతో కట్టిన పాత గోడలను అడ్డంగా కోస్తే బలం తగ్గుతుంది. ముందు హాలుది మద్రాసు టెర్రస్, అంటే చెక్క దూలాల మీద ఇటుకలు సున్నంతో పేర్చిన కప్పు కనుక అక్కడ కొట్టడానికి మనసొప్పక, పైనే బిగించే కేసింగ్ పట్టీలతో సరిపెట్టుకున్నాను. అందంగా లేదు, కాని దూలాలు భద్రంగా ఉన్నాయి.

వాదన వచ్చింది ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు దగ్గరే. ఫ్యూజుల బదులు పెట్టే ఎమ్‌సీబీ స్విచ్చులు చాలునని ఎలక్ట్రీషియన్, చాలవని నేను. ఎమ్‌సీబీ లోడు ఎక్కువైనా షార్టు అయినా పడుతుంది తప్ప, మనిషికి షాక్ కొట్టేటప్పుడు పారే కొద్దిపాటి కరెంటు దాని లెక్కలోకి రాదు. ఆర్‌సీసీబీ మాత్రం ఫేజులో వెళ్లిన కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చినదాన్నీ తూకం వేస్తూ, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే లైను కోసేస్తుంది. పెట్టించిన మర్నాటి నుంచీ అది రోజూ ఉదయం ఆరున్నరకే పడిపోవడం మొదలుపెట్టింది. "నేను చెప్పలేదా" అన్నట్లు ఆయన చూపు. మూడో రోజున ఒక్కొక్క వస్తువే ప్లగ్గు తీసి పెట్టి చూస్తే, దొంగ అమ్మ పిండి గ్రైండరని తేలింది. దాని మోటారులోకి పిండినీళ్లు దిగి, ఎన్నేళ్లనుంచో కరెంటు రాతికుండ పళ్లెం మీదికి కారుతోందట. ఇన్నాళ్లూ అమ్మ పీట మీద కూర్చుని రుబ్బింది కనుక బతికిపోయాం.

నువ్వు చేయవలసినది ఇదీ. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మెయిన్ ఆపించి, టెస్టరుతో చూశాకనే ఆ వంటింటి బోర్డు విప్పించు. తీగ ఎర్రటి రాగియా, తెల్లటి అల్యూమినియమా, పచ్చ ఎర్తు తీగ అసలుందా చూసి నాకు ఫొటో పంపు. తీగ తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మెగ్గర్‌తో ఒక్కొక్క లైనూ కొలిపించి, అంకెలు రాయించుకో. మా హాలు లైనుకు దాని ముల్లు సున్నా దగ్గరే నిలిచిపోయింది, అంటే తొడుగు పూర్తిగా పాడైనట్లే; అది చూశాకే నేను మొత్తం మార్చాలని నిశ్చయించుకున్నాను. మీ అంకెలు వచ్చిన తరువాత ఖర్చు లెక్క కూర్చుని వేద్దాం. అంతవరకు ఆ బోర్డు మీద మిక్సీ పెట్టవద్దని అమ్మగారికి చెప్పు.

నాన్నగారికి నా నమస్కారాలు.

నీ
రాజమండ్రి మిత్రుడు