బతుకమ్మ పాటలకు ముందు మా స్టూడియోలో మారుతున్న పద్ధతులు

మా దగ్గర పాటలు రికార్డు చేయించుకుంటున్న గాయనీ గాయకులకు, పాట రాసే అన్నలకు, అక్కలకు, సొంత డబ్బుతో పాట తీసేవారికి నమస్కారం.

ఈ బతుకమ్మ నుంచి మీ కొత్త పాటలను మా స్టూడియో యూట్యూబ్ ఛానల్‌లో వేయడం ఆపేస్తున్నాం. ఎవరు పాడిన పాట వారి సొంత ఛానల్‌లోనే రావాలి. మా ఛానల్‌లో వేస్తే మొదటి రోజే ఎక్కువమంది చూస్తారు కాబట్టి ఈ మాట కొందరికి రుచించదని తెలుసు. అయినా ఎందుకు ఆపుతున్నామో దాచకుండా చెబుతాం.

క్యాసెట్ రోజుల్లో పాడినవారికి, విన్నవారికి మధ్య కంపెనీ ఉండేది. అట్ట మీద పేరు వేస్తే వేసినట్టు, లేకపోతే లేదు. అభిమానంతో ఉత్తరం రాసినా అది కంపెనీ చిరునామాకే పోయేది. 2016లో జియో వచ్చి డేటా చౌకయ్యాక ఊళ్లో ఉన్నవాళ్లు కూడా పాట కింద నేరుగా రాస్తున్నారు. ‘రెండో చరణంలో ఆ మాటకు అర్థమేంది అక్కా’ అని ఒకరడిగితే, ‘మా అమ్మమ్మ ఇదే పాట ఇంకో తీరుగా పాడేది’ అని ఇంకొకరంటారు. ఆ మాటలు చేరాల్సింది పాడినవారికి. మా ఛానల్‌లో అవి మాకొస్తున్నాయి. మేం జవాబివ్వడం లేదు, ఇచ్చినా అది మీ జవాబు కాదు. మీ పాట నచ్చి సబ్‌స్క్రైబ్ చేసినవారికి ఆ తర్వాత వేరొకరి డీజే పాట పోతుంది. నాలుగుసార్లు అట్లా జరిగితే వాళ్లు గంట గుర్తు నొక్కేసి నోటిఫికేషన్లు ఆపేసుకుంటారు. ప్రకటనల డబ్బు వస్తుంది కాబట్టి మేం ఇన్నాళ్లూ ఈ పద్ధతి సాగనిచ్చాం. అందులో లాభం మాది, నష్టం మీది.

ఇక పాత పాటలు. యూట్యూబ్‌లో ఒక ఛానల్ వీడియోను వ్యూస్‌తో సహా మరో ఛానల్‌కు మార్చే వీలు లేదు. కాబట్టి అవి అక్కడే ఉంటాయి. వాటి చివర కనిపించే ఎండ్ స్క్రీన్‌లో, వివరణ మొదటి వరుసలో, పిన్ చేసిన కామెంట్‌లో మీ ఛానల్ లింకు పెడతాం. యూట్యూబ్ డబ్బు సాధారణంగా 21 నుంచి 26 తేదీల మధ్య పడుతుంది గనుక, నెలాఖరులోపు లెక్క స్క్రీన్‌షాట్‌తో పాటు మీ వాటా పంపుతాం.

మీ పేరు మీద మేం తెరిచిన ఛానళ్లను పూర్తిగా మీకు అప్పగిస్తాం. ముందు మీ సొంత జీమెయిల్ కావాలి. మీరు రోజూ వాడే, రీచార్జ్ తప్పని నంబరే దానికి ఇవ్వండి. రీచార్జ్ ఆగి ఆ నంబరు వేరేవాళ్లకు పోతే ఖాతా తిరిగి తెరవడం చాలా కష్టం. రెండంచెల భద్రత పెట్టి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి ఇంట్లో దాచండి. మేం ఆ జీమెయిల్‌ను ఛానల్‌కు ఓనర్‌గా చేరుస్తాం. 7 రోజులు గడిచాక గానీ యూట్యూబ్ దాన్ని ప్రైమరీ (ప్రధాన) ఓనర్‌గా మార్చనివ్వదు. మార్చాక మా పేరు మీరే తీసేయండి. తీసేదాకా మేం గుర్తుచేస్తూనే ఉంటాం.

ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. ఎక్కువమంది చిక్కుకునేది ఆ తర్వాతి యాడ్‌సెన్స్ (గూగుల్ ఆ డబ్బు పంపే ఖాతా) దగ్గర. ఒక మనిషికి ఒక్కటే ఖాతా. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన పాత ఖాతా ఉంటే కొత్తది తిరస్కరిస్తారు. పేరు బ్యాంకు పుస్తకంలో, పాన్‌లో ఉన్నట్టే ఉండాలి. రాబడి 10 డాలర్లకు చేరాక, చిరునామా మీదేనని చూడటానికి గూగుల్ పంపే పిన్ నంబరు పోస్టులో వస్తుంది. చిరునామాలో ఇంటి నంబరు, మండలం, పిన్‌కోడ్ సరిగా లేకపోతే ఆ కవరు ఎక్కడో ఆగిపోతుంది. పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పి ఉంచండి. 100 డాలర్లు నిండాకే మొదటిసారి డబ్బు పడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ గొడవ తెస్తున్నది క్లెయిముల వ్యవహారం, అంటే మీ వీడియోలోని పాట తమదని ఇంకొకరు యూట్యూబ్‌లో హక్కు చెప్పుకోవడం. ‘ఉయ్యాలో’ అని సాగే బతుకమ్మ పాట వరుస (ట్యూన్) ఎవరి సొత్తూ కాదు. తరాలుగా ఆడబిడ్డలు చప్పట్లు కొడుతూ పాడుకున్నది. కానీ పాటలను పోల్చి పట్టే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీ రికార్డింగునే కాదు, వరుసను కూడా పోల్చగలదు. ఒకరు తమ బతుకమ్మ పాటను అందులో నమోదు చేస్తే అదే వరుసలో పాడిన ఇంకొకరి వీడియో మీద క్లెయిమ్ పడొచ్చు. వాకిట్లో ఆడుకుంటూ తీసుకున్న వీడియో మీద కూడా పడుతుంది. మీ పాటను ప్రేమించి ఆడినవారికే మీ పేరుతో నోటీసు పోయినట్టు. లూపుల (ముందే రికార్డు చేసి అమ్మే వాయిద్యపు ముక్కల) సంగతీ అంతే. కొనుక్కున్న రిథమ్ ప్యాక్‌లోని అదే డప్పు ముక్కను వందమంది వాడతారు. దాన్ని మీ ఒక్కరిదిగా నమోదు చేసే హక్కు మీకూ లేదు, మాకూ లేదు. కాబట్టి సంప్రదాయ వరుసలు, లూపు పాటలు ఇకపై మా ద్వారా కంటెంట్ ఐడీకి వెళ్లవు. ఇంతకుముందు పంపిన వాటిని వెనక్కి తీస్తున్నాం.

మీ మీదే తప్పుడు క్లెయిమ్ పడితే 5 రోజుల్లోపు డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టండి. అప్పుడు క్లెయిమ్ పడిన మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బు ఎవరికీ పోకుండా పక్కన ఉంటుంది. ఆలస్యమైతే డిస్ప్యూట్ పెట్టిన రోజు నుంచే ఉంటుంది. అవతలివారు 30 రోజుల్లోపు జవాబివ్వాలి. ‘వరుస సంప్రదాయం, రికార్డింగు మాది, వాయిద్యం ఫలానావారు వాయించారు’ అని సూటిగా రాయండి. సెషన్ ఫైలు తేదీలు, వాయిద్యకారుల సంతకాలు మా దగ్గర ఉంటాయి, ఇస్తాం. నిజంగా వేరేవాళ్ల ట్రాక్ వాడి ఉంటే మాత్రం డిస్ప్యూట్ పెట్టొద్దు. అది స్ట్రైక్ (ఛానల్ మీద యూట్యూబ్ వేసే శిక్ష) దాకా పోతుంది.

లూపులకు బదులు సొంత డప్పు వాయించుకోవడమే మా సలహా. వానల చివర చెమ్మకు డప్పు చర్మం వదులై శ్రుతి దిగుతుంది. మధ్యమధ్యలో సెగ చూపించాలి, కాబట్టి మామూలు సెషన్ కంటే ఒక గంట అదనంగా పెట్టుకోండి. వాయించినవారి డబ్బు మీరే నేరుగా వారి చేతికివ్వండి. అందులో మాకు కమీషన్ ఉండదు. చప్పట్లు, కోరస్ నలుగురు అక్కలను ఒకే మైకు చుట్టూ నిలబెట్టి తీస్తాం. ఒక్కరితో నాలుగుసార్లు తీసి అతికిస్తే ఆ నిండుదనం రాదు.

రీల్స్ కోసం సాకీని, అంటే తాళం లేకుండా మొదట పాడే ముక్కను, తీసేయమని చాలామంది అడుగుతున్నారు. దయచేసి తీయించొద్దు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే లెక్కలోకి వస్తుంది కాబట్టి పల్లవి ముందుకు రావాలన్న ఆలోచన అర్థమవుతుంది. కానీ తాళం మొదలయ్యే ముందు గొంతు ఒంటరిగా వినిపించే చోటే జానపదం మనసుకు పట్టుకుంటుంది. అందుకని పూర్తి పాట సాకీతోనే మీ ఛానల్‌లో వేద్దాం. ఇన్‌స్టాగ్రామ్‌కు పంపేటప్పుడు క్లిప్ మొదలయ్యే చోటును పల్లవి దగ్గర పెడదాం. ఆడేవాళ్లకు అది చాలు.

అమెరికాలో, గల్ఫ్‌లో బతుకమ్మ ఆడే సంఘాలవారికి కావలసింది వేరు. యూట్యూబ్‌లో వేస్తే మధ్యలో ప్రకటన వచ్చి ఆట ఆగిపోతుంది. ఒకే వేగంతో, ఆగకుండా 10 నిమిషాలు సాగే ట్రాక్ వారికి కావాలి. ఇకపై ప్రతి బతుకమ్మ పాటకూ ఆ ఆట ట్రాక్, పాట లేని కరోకే, తెలుగులో పూర్తి సాహిత్యం కలిపి ఇస్తాం. ఎవరికి ఎంతకు ఇస్తారో మీ ఇష్టం. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది.

విన్నవారి నంబర్లు, వారి అనుమతితో, మీ దగ్గర పెట్టుకోండి. 2024 జనవరి 31న రెసో అనే పాటల యాప్ మన దేశంలో మూతపడింది. అదే ఏడాది వింక్ అనే ఇంకో పాటల యాప్ కూడా ఆగిపోయింది. అక్కడ చేరిన శ్రోతలను వెంట తెచ్చుకునే దారి గాయకులకు లేకుండా పోయింది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ ఒక జాబితాలో 256 మందికే వెళ్తుంది. అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే. అందుకని ‘నంబరు సేవ్ చేసుకోండి’ అని పాట వివరణలోనే రాయండి.

వ్యూస్ తెప్పించే ప్యాకేజీలు మా దగ్గర ఇక లేవు, బయట కొన్నా మీ పాట పంపిణీ చేయం. కొన్న వ్యూస్ రెండు మూడు సెకన్లలో వెళ్లిపోతాయి, ఈ పాట జనం చూడటం లేదని యూట్యూబ్ అనుకుంటుంది. స్పాటిఫై అయితే 2024 నుంచి ఒక పాటలో దొంగ స్ట్రీములు మరీ ఎక్కువని తేలితే నెలకు 10 యూరోల జరిమానా వేస్తోంది. ఏ పాటకైనా గత 12 నెలల్లో కనీసం 1,000 నిజమైన స్ట్రీములు లేకపోతే డబ్బే ఇవ్వదు.

పేర్ల కాగితం నింపకుండా ఫైనల్ మిక్స్ ఇవ్వం. రాసినవారు, వరుస కట్టినవారు, వాయించినవారు అందరి పేర్లూ ఉండాలి. ఒక పెద్దమ్మ నోట విని తెచ్చిన పాటైతే ‘సేకరణ’ కింద ఆమె ఒప్పుకుంటే పేరు, ఊరు వేయాలి. పాట కింద జనం ఎక్కువగా అడిగేది అదే. హక్కులు రాసిచ్చేటప్పుడు కాలం, ప్రాంతం స్పష్టంగా రాయించుకోండి. రాయకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం కాలం 5 ఏళ్లు, ప్రాంతం భారతదేశం వరకే అని లెక్క. రచయితకు, సంగీతం చేసినవారికి వచ్చే రాయల్టీ వాటా వదులుకుంటున్నట్టు రాయించినా 2012 సవరణ తర్వాత అది చెల్లదు. మా పాత ఫారంలో అలాంటి వాక్యం ఉంది, కొట్టేశాం. కొత్త ఫారం మీద మళ్లీ సంతకాలు తీసుకుంటాం.

స్టూడియో గంట ధర 500 రూపాయల నుంచి 600కు పెరుగుతోంది. ఛానల్ అప్పగింతకు, పాత పాటల లింకులకు ఏమీ తీసుకోం. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మకు కనీసం 3 వారాల ముందు పాట బయటికి రావాలి, ఆడేవాళ్లు నేర్చుకోవాలి కదా. స్పాటిఫై లాంటి ఆడియో స్టోర్లకు పంపడానికి ఇంకో 4 వారాలు పడుతుంది. అంటే పండుగకు 7 వారాల ముందే మిక్స్ పూర్తవ్వాలి. వచ్చేటప్పుడు పాన్, బ్యాంకు పుస్తకం, 3000 బై 3000 పిక్సెళ్ల కవర్ ఫోటో, సంతకం పెట్టే రచయితను వెంట తీసుకురండి.